జబ్బు కాకపోతే

ప్రార్థన మందిరం వెనక ఒక సన్నటి నడవా ఉంది. దానికి ఒక పక్క పెద్దాయన గది, ఇంకో పక్క డాక్టరమ్మ గది, మధ్యలో ఒకటే బెంచీ. ఎవరి కోసం వచ్చినవాళ్ళయినా ఆ బెంచీ మీదే కూర్చోవాలి కాబట్టి, ఎవరు ఏ తలుపు కోసం కాచుకుని ఉన్నారో చూసేవాళ్ళకి తెలిసే వీల్లేదు. మందిరంలో ఉపదేశాలిచ్చే పెద్దాయన కోసం వచ్చామంటే గౌరవమే. మనసు బాగాలేక డాక్టరమ్మ కోసం వచ్చామంటేనే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆ బెంచీ పుణ్యమా అని చాలామంది పరువు నిలబడింది.

నిజానికి ఆవిడ డాక్టరు కాదు. సైకాలజీ చదువుకుని, మనుషులు చెప్పేది ఓపిగ్గా వినడం పనిగా పెట్టుకున్న మనిషి. మందులు రాయదు, సూది వెయ్యదు. మొదట్లో ఎవరైనా డాక్టరమ్మా అంటే "కాదండీ" అని దిద్దేది. దిద్దీ దిద్దీ విసుగెత్తి మానేసింది. ఆవిడ కూర్చునే గది ఒకప్పుడు చాపలు దాచిన కొట్టు. రెండు కుర్చీలని ఎదురెదురుగా కాకుండా కాస్త వారగా వేసుకుంది. వచ్చినవాళ్ళు కావాలంటే ఆవిడ మొహం చూడొచ్చు, సిగ్గనిపిస్తే కిటికీలోంచి చూడొచ్చు. చాలామంది కిటికీ వైపే చూస్తారు. అవతల నీళ్ళ ట్యాంకు తప్ప చూడ్డానికేమీ లేదు.

ఆవిడకీ పెద్దాయనకీ మధ్య ఒప్పందం చాలా చిన్నది. ఆవిడ చేరిన కొత్తల్లో ఆయనే అన్నాడు: "పాపమైతే నా దగ్గరికి, జబ్బైతే మీ దగ్గరికి. ఒకరి వాకిట్లో ఒకరం అడుగు పెట్టొద్దు డాక్టరమ్మా." అది ఆవిడకి సబబుగానే తోచింది. దయ్యం పట్టిందని లాక్కొచ్చిన ఆడపిల్లల్ని ఆయనే స్వయంగా ఆవిడ గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టేవాడు. తప్పు చేశానని కుమిలిపోయేవాళ్ళకి కావాల్సింది సలహా కాదు క్షమాపణ అని తెలిసినప్పుడు, ఆవిడ వాళ్ళని ఆయన దగ్గరికి పంపేది. ఇన్నేళ్ళూ బండి సాఫీగానే నడిచింది. అటు పాపమూ ఇటు జబ్బూ కానిది ఒకటి వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటుందని ఇద్దరికీ తోచలేదు. తోచినా తోచనట్టే ఊరుకున్నారేమో.

అది మైకాయన కూతురి రూపంలో వచ్చింది.

మందిరంలో మైకులూ స్పీకర్లూ చూసుకునే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ మైకాయన అంటారు. బతుకుతెరువు రేడియోలూ ఫ్యాన్లూ బాగుచెయ్యడం. మందిరంలో చేసేది సేవ. పెద్దాయన పొడిదగ్గు వినపడకుండా, మాట మాత్రం వెనక వరసలో చెవుడున్న ముసలమ్మకి కూడా అందేలా మీటలు తిప్పడం ఆయనకొక్కడికే చేతనవును. ఆ పొద్దున ఆయన చేతిలో ఒక వైరు చుట్ట ఉంది. కూతుర్ని గదిలోకి పంపి, తను గుమ్మంలోనే నిలబడి, ఆ వైరుని మోచేతికీ బొటనవేలికీ మధ్య చుడుతూ విప్పుతూ మాట్లాడాడు.

"కాస్త చూడండమ్మా. ఎక్కడో ఏదో లూజు అయినట్టుంది. పెళ్ళొద్దంటోంది. ఎందుకొద్దే అంటే ఒక మాట చెప్పింది. ఆ మాట నా నోటితో నేను చెప్పలేను. అదే చెబుతుంది."

"మీరు లోపలికొచ్చి కూర్చోండి."

"వద్దమ్మా. నేను వినలేను. బాగుచేసి పెట్టండి, అంతే."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మాయి కిటికీ వైపు చూడలేదు. డాక్టరమ్మ మొహాన్నే కాసేపు చూసి, "మీ కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగింది మేడమ్. ముక్కు మీద నొప్పి పుట్టట్లేదా?" అంది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆ అమ్మాయిది. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి. ఇటివ్వండన్నట్టు చెయ్యి చాపింది. డాక్టరమ్మ తీసిచ్చింది. అమ్మాయి ఆ జోడు కాడని అరచేతుల మధ్య పెట్టి వెచ్చబడేదాకా రుద్ది, చెవి దగ్గర వంగే చోట కొద్దిగా నొక్కి, ఎత్తి చూసి, మళ్ళీ నొక్కి ఇచ్చింది. చెయ్యి ఆడుతున్నంతసేపూ మాట కూడా ఆగలేదు.

"నాకు మగవాళ్ళ మీద మనసు పోదు మేడమ్. చిన్నప్పట్నుంచీ అంతే. ఒకమ్మాయి ఉంది. ఆమె అంటే నాకిష్టం. ఆమెకీ నేనంటే ఇష్టమే. ఇదే నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, కానీ అడిగారు కదా."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. అన్నం కూడా తింటున్నాను. అమ్మానాన్నల మొహాలు చూస్తేనే కష్టంగా ఉంటుంది."

"నువ్వు మారాలని అనుకుంటున్నావా?"

"ఎందుకు?" అంది అమ్మాయి. అందులో పొగరు లేదు. ఏమైనా కారణం ఉంటే తెలుసుకుందామన్నట్టే అడిగింది.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో బాగుచెయ్యడానికేమీ లేని మనిషి వచ్చి కూర్చుంది. ఆవిడ చదువుకున్న పాత పుస్తకాల్లో దీనికో పేరుండేది, ఆ పేరు కింద లక్షణాలుండేవి, చికిత్స పేరుతో కొన్ని దుర్మార్గాలు కూడా ఉండేవి. తర్వాత వచ్చిన పుస్తకాల్లోంచి ఆ పేజీలు తీసేశారు. పుస్తకాల్లోంచి పోయినంత తేలిగ్గా మనుషుల్లోంచి పోలేదు. అందుకే మైకాయనని లోపలికి పిలిచినప్పుడు, ఎక్కడా తడబాటు ఉండకూడదని గొంతు సవరించుకుని మరీ చెప్పింది.

"మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదండీ. మనసూ బుద్ధీ శుభ్రంగా ఉన్నాయి. మామూలు పిల్ల."

మైకాయన చేతిలో వైరు ఆగిపోయింది. "జబ్బు కాదా?"

"కాదు."

"మందులూ అవీ అక్కర్లేదా?"

"ఏమీ అక్కర్లేదు. మామూలే."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. రెండు చేతులూ జోడించాడు. మధ్యలో వైరు అడ్డొస్తే దాన్ని చంకలో పెట్టుకుని మళ్ళీ జోడించాడు. ఒక తండ్రి ఇంత త్వరగా ఒప్పుకున్నందుకు డాక్టరమ్మ మనసు నిండిపోయింది. ఆయన కూతుర్ని బెంచీ మీద కూర్చోమని చెప్పి, చకచకా నడవా దాటి ఎదురు తలుపు తోసుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. అది చూసి ఆవిడకి ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. అంతలో ఇంకెవరో వచ్చి కుర్చీలో కూర్చుని ఏడవడం మొదలుపెట్టారు.

*

ఆ వారం తిరక్కుండానే మైకాయన బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఈసారి గుమ్మంలో ఆగలేదు, దర్జాగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అంతా మీ చలవేనమ్మా. సంబంధం కుదిరింది. పెద్దాయనే దగ్గరుండి చూశారు. అబ్బాయిది నీళ్ళ ఆఫీసులో ఉద్యోగం. తండ్రి లేడు, తల్లి బేకరీ నడుపుతుంది. ఏ అలవాట్లూ లేవు. నెల తిరిగేలోపు పెళ్ళి."

డాక్టరమ్మ డబ్బా అందుకోలేదు. "ఎవరికి పెళ్ళి?"

"అదేంటమ్మా, మా అమ్మాయికే. ఆ రోజు మీరన్న మాట పొల్లు పోకుండా పెద్దాయనకి చెప్పాను. జబ్బు కాకపోతే ఇంకేముందయ్యా, ఒట్టి మొండితనమే, సంసారంలో పడితే అదే సర్దుకుంటుంది, పెళ్ళి చేసెయ్ అన్నారు. నేను జబ్బేమో అనే కదా ఇన్నాళ్ళూ ఆగాను. తెలిసి తెలిసి ఒకరి గొంతు కొయ్యకూడదు కదా."

"నేను పెళ్ళి చెయ్యమని చెప్పలేదండీ."

"మామూలు పిల్ల అన్నారు కదమ్మా మీరు."

"మామూలంటే... ఆ అమ్మాయి ఎలా ఉందో అలా ఉండటమే మామూలు అని. అందరిలా మగాణ్ణి చేసుకుని కాపురం చేస్తుందని కాదు. ఆమెకి ఇష్టం లేదు. రాదు కూడా."

"ఇష్టాలదేముందమ్మా," అన్నాడు మైకాయన నెమ్మదిగా. ఆయనకి కోపం రాలేదు. గొంతులో జాలి ఉంది, ఇంత చదువుకున్న మనిషికి ఈపాటి తెలియదా అన్నట్టు. "నేను పెళ్ళి చేసుకున్నప్పుడు మాత్రం నన్నెవరడిగారు? అదే వచ్చింది." డబ్బా బల్ల మీద పెట్టి, స్పీకరు ఒకటి గరగరమంటోంది చూసుకోవాలని లేచి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ డబ్బా వంక చూస్తూ కూర్చుండిపోయింది. జబ్బు కాదు అన్న మాట కోసం ఆవిడ చదువుకున్న రోజుల్లో పెద్ద పెద్దవాళ్ళతో తగవు పడింది. ఆ మాట ఎక్కడ చెప్పినా ఒక సంకెల తెగుతుందని నమ్మింది. ఈ నడవాలో మాత్రం అది తెగలేదు సరికదా, ఆ పిల్లని కాపాడుతున్న ఒక్క గడియా ఊడిపోయింది.

మధ్యాహ్నం అమ్మాయి ఒక్కతే వచ్చింది. షాపులో వేసుకునే నీలం కోటు విప్పకుండానే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తొందరగా వెళ్ళాలి మేడమ్, ఓనరు భోజనానికి వెళ్ళాడు. మీరు ఒక సాయం చెయ్యాలి. నాకు జబ్బుందని చెప్పాలి."

"లేనిది ఎలా చెప్పను?"

"ఏదో ఒక పేరు పెట్టండి. మీ పుస్తకాల్లో బోలెడు ఉంటాయి కదా. జబ్బుదాన్ని ఎవరూ చేసుకోరు. పెళ్ళి ఆగిపోతుంది."

"జబ్బంటే వైద్యం చేయిస్తారమ్మా. నీకు తెలియదు. ఎక్కడెక్కడికో తీసుకెళతారు. ఏవేవో మింగిస్తారు."

"వైద్యం ఎప్పటికైనా ఆపుతారు మేడమ్. పెళ్ళి ఆగదు కదా."

డాక్టరమ్మ కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, "ఆ అబ్బాయికో, వాళ్ళమ్మకో నువ్వే నిజం చెప్పకూడదా?" అంది.

"చెప్పొచ్చు. నాకేం భయం లేదు. కానీ నాన్నని మళ్ళీ ఆ మైకు ముట్టుకోనిస్తారా? ఆయనకి ఇంకేముంది చెప్పండి. పిచ్చిదాని తండ్రి అయితే అయ్యో పాపం అంటారు. నాలాంటిదాని తండ్రి అయితే పక్కన కూడా కూర్చోరు." చేతి గడియారం చూసుకుంది. "నేను ఇక్కడికి వస్తున్నానని ఆ అబ్బాయి వాళ్ళమ్మ చెవిన పడేలా చేశాను. ఆవిడ గట్టి మనిషి. మిమ్మల్ని అడగడానికి తప్పకుండా వస్తుంది. మీరు ఒక్క మాటంటే చాలు. నన్ను ఏమన్నా ఫర్వాలేదు."

"నీ పేరు పాడవుతుందే తల్లీ."

"ఆ పేరుతో నాకేం పని మేడమ్," అని కోటు బొత్తాం పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

*

ఇన్నేళ్ళలో డాక్టరమ్మ మొదటిసారి తనంతట తానుగా నడవా దాటి పెద్దాయన గదిలోకి వెళ్ళింది. ఆయన పంచె మోకాళ్ళ పైకి లాక్కుని కీళ్ళకి మందు రుద్దుకుంటున్నాడు. గదంతా కర్పూరం ఘాటు. ఆవిడని చూసి పంచె సర్దుకోబోయి, మందు అంటుతుందని మానేశాడు.

"రండి రండి. వానొచ్చేట్టుంది, మోకాళ్ళు ముందే చెబుతున్నాయి. కూర్చోండి."

"మైకాయన కూతురి పెళ్ళి ఆపించండి," అంది ఆవిడ కూర్చుంటూనే.

ఆయన ఆశ్చర్యపోలేదు. "జబ్బు లేదన్నది మీరే కదా. ఆ మాట మీదే నేను సంబంధం చూశాను. మాటకి నిలబడే మనిషని కదా మీ దగ్గరికి పంపిస్తున్నది."

"ఇప్పుడూ అదే అంటున్నాను. జబ్బు లేదు."

"జబ్బు కాకపోతే పాపం. మన నడవాలో ఉన్నవి రెండే తలుపులు డాక్టరమ్మా. పాపమనే మాట అని ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టడం ఇష్టం లేక, మొండితనమని సర్దాను. నేను చేసింది మేలో కాదో మీరే చెప్పండి."

ఆయన మేలు చేశాననే నమ్ముతున్నాడు. అదే ఆవిడకి ఎక్కువ నీరసం తెప్పించింది. చెడ్డవాడయితే నాలుగు మాటలు అనేసి లేచి రావచ్చు.

"కొంతమంది అలాగే పుడతారండీ. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు."

"నాదీ ఎడమచేతి వాటమే చిన్నప్పుడు. మా నాన్న బెత్తం పెట్టి మార్పించాడు. ఇప్పుడు చూడండి, కుడిచేత్తోనే రాస్తాను, కుడిచేత్తోనే తింటాను."

"మందు ఏ చేత్తో రుద్దుకుంటున్నారు?"

పెద్దాయన తన చేతివంక చూసుకున్నాడు. మందు పూసిన ఎడమచెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. కొంచెం నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చెయ్యి తుడుచుకుని, పంచె కిందకి లాక్కుని, మందిరంలో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు.

"సరే. ఒక దారి చెబుతాను. జబ్బే అని ఒక్క మాట అనండి. ఇప్పుడే, ఇక్కడే ఆపేస్తాను. జబ్బుదాన్ని ఎవరికో అంటగట్టమని నేనూ అనను. నాకూ కూతుళ్ళున్నారు."

ఆ పిల్లా అదే అడిగింది, ఈయనా అదే అడుగుతున్నాడు. అనేస్తే ఒక ఇల్లు నిలబడుతుంది, ఒక పిల్ల బతుకుతుంది. పోయినేడు ఒక బడిపంతులు తన గదిలో అదే కుర్చీలో కూర్చుని, తనదీ ఈ పిల్లలాంటి మనసేనని, ఉరేసుకుందామనుకున్నానని చెప్పాడు. జబ్బు కాదు నాయనా అని ఆవిడ అన్న మాటని పట్టుకుని మళ్ళీ బడికి వెళ్ళాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి, ఏ పనీ లేకుండా కాసేపు కూర్చుని వెళతాడు. ఇక్కడ అన్న మాట ఈ గదిలో ఆగదు. డాక్టరమ్మ జబ్బేనని ఒప్పుకుందట అని ఊరంతా చేరుతుంది, అతని దాకా కూడా చేరుతుంది.

"అనలేను," అంది.

"అయితే నేనూ ఆపలేను," అన్నాడు పెద్దాయన. ఆవిడ లేచి వస్తుంటే వెనకనుంచి, "ఆ మందు సీసా మూత కాస్త పెట్టి వెళ్ళండి, నా వేళ్ళకి పట్టు దొరకదు" అన్నాడు. ఆవిడ మూత పెట్టి వచ్చింది.

ఇంటికెళ్ళి చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. లెక్కల మాస్టారైన భర్త ఎదురుగా కూర్చుని తనూ రెండు కాయలు తీసుకున్నాడు. పెళ్ళీడుకొచ్చిన కొడుకు సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"ఒకరికి మేలు జరుగుతుందంటే అబద్ధం ఆడొచ్చంటారా?" అంది. ఎవరు, ఏమిటి అని చెప్పలేదు. ఆయనకి అడక్కూడదని తెలుసు.

"ఆడొచ్చు. ఆ తర్వాత దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకోవాలి. నీకు పాల ప్యాకెట్టే గుర్తుండదు."

"నిజం చెప్పినా మేలు జరగకపోతే?"

"నిజం మొత్తం చెప్పావా, సగమే చెప్పావా?" అన్నాడు ఆయన. అని, అదేదో పెద్ద మాటని తనకే తెలియనట్టు, పుచ్చిన కాయ ఒకటి ఏరి పక్కన పడేశాడు.

*

పెళ్ళికొడుకు తల్లి పొద్దున్నే వచ్చింది. బేకరీలో బ్రెడ్లు దింపి తిన్నగా వచ్చినట్టుంది, చేతి మీద రోమాలకి ఇంకా పిండి అంటుకుని ఉంది. లావుపాటి మనిషి. బెంచీ మీద కూర్చోకుండా నేరుగా తలుపు తట్టి లోపలికొచ్చింది.

"దాపరికం లేకుండా అడుగుతానండీ. మా వాడికి చేసుకోబోయే పిల్ల మీ దగ్గరికి వస్తోందని తెలిసింది. ఆ పిల్లకి ఏమైనా ఉందా?"

"ఇక్కడికి వచ్చేవాళ్ళ గురించి నేను ఎవరికీ చెప్పనండీ," అంది డాక్టరమ్మ. ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో, నిద్రలో లేపినా తప్పు లేకుండా అప్పజెబుతుంది. "మీరొచ్చారని కూడా ఎవరికీ చెప్పను."

"అది మీ పద్ధతి. నేను తప్పు పట్టను." ఆవిడ కిటికీ వైపు చూడలేదు, నేరుగా డాక్టరమ్మ కళ్ళలోకే చూసింది. "మా వాడు నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళ నాన్న పోయాక వాడికి అన్నీ నేనే చూస్తున్నాను. ఏది పెట్టినా తింటాడు, ఎవర్ని చూపించినా సరేనంటాడు. అందుకే వాడి తరఫున నేనే భయపడాలి. ఆ పిల్లని చూశాను. బాగానే మాట్లాడింది. నాకు నచ్చింది కూడా. కానీ నవ్వుతున్నప్పుడు మావాడి వంక ఒక్కసారి కూడా చూడలేదు."

"మీకు ఆ సందేహం ఎందుకు వచ్చిందంటారు?" అంది డాక్టరమ్మ. అడిగిన ప్రశ్నని అడిగినవాళ్ళకే తిప్పి ఇవ్వడం ఆవిడ వృత్తిలో మొదటి పాఠం.

బేకరీ ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. "ఆ పిల్ల గురించి మిమ్మల్ని అడగను. మీ గురించి అడుగుతాను. మీకూ పెళ్ళి కావాల్సిన కొడుకున్నాడట. ఆ పిల్లని మీ ఇంటి కోడల్ని చేసుకుంటారా?"

ఇలాంటి ప్రశ్నకి చెప్పాల్సిన జవాబు కూడా డాక్టరమ్మకి తెలుసు. నా సంగతి వేరు, మీ సంగతి వేరు అనాలి. లేదా నవ్వి ఊరుకోవాలి. ఆవిడ నోరు తెరిచింది. ఆ జవాబు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి చేతి మీద పిండి ఎండి చిన్నచిన్న పొక్కులుగా లేస్తోంది. ఆవిడ అడిగింది పుస్తకాల మనిషిని కాదు, ఇంకో తల్లిని. తల్లిని అడిగితే తల్లే చెప్పాలి.

"చేసుకోను," అంది.

పక్క కుర్చీ కిర్రుమంటూ ముందుకి జరిగింది.

"పిచ్చా?" అంది బేకరీ ఆవిడ, గొంతు తగ్గించి.

"కాదు. ఆ పిల్లలో ఏ వంకా లేదు. బంగారం లాంటి పిల్ల. అయినా నా కొడుక్కి చేసుకోను."

ఆవిడ చాలాసేపు డాక్టరమ్మని చూసింది. మొహంలో ఏదో వెతికింది. దొరికిందో లేదో తెలియదు. "నాకర్థం కాలేదు," అంది లేస్తూ. "అయినా చాలు."

ఆవిడ వెళ్ళాక డాక్టరమ్మ అక్కడే కూర్చుండిపోయింది. అబద్ధం ఆడలేదు. ఎవరి రహస్యమూ బయటపెట్టలేదు. కానీ ఇన్నేళ్ళుగా కాపాడుకున్న పద్ధతి ఒక్క ముక్కతో మట్టిలో కలిసింది. ఆ పిల్ల మంచి పేరు కూడా దాంతోపాటే పోయింది. రేపటినుంచి సంబంధమంటూ ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కరు. అదే కదా ఆ పిల్ల కోరుకున్నది అనుకుంది. అనుకున్నా మనసు కుదుటపడలేదు. చేసిన పని మంచిదని తెలిసినా, చేతులు కడుక్కోవాలనిపించింది. వెళ్ళి కడుక్కుంది కూడా.

*

ఆ తర్వాత ఎదురు తలుపు తెరిచి ఉండటం ఆవిడ చూడలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకోవచ్చు. కానీ బెంచీ మీద కూర్చునేవాళ్ళు కూడా పలచబడ్డారు. ఆవిడ దగ్గరికి వెళ్ళమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరన్నమాట.

మైకాయన వచ్చినప్పుడు చేతిలో వైరు లేదు. వైరు లేని చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు, తీశాడు, కుర్చీ అంచులు పట్టుకున్నాడు.

"వాళ్ళు వద్దన్నారు," అన్నాడు.

"తెలుసు."

"మీరు చేసుకోనన్నారట."

"అన్నాను."

"నాతోనేమో ఏ జబ్బూ లేదన్నారు. రెంటిలో ఏది అబద్ధమో చెప్పండమ్మా, నేను దాన్ని వదిలేస్తాను."

"రెండూ నిజమేనండీ. మీ అమ్మాయిలో ఏ లోపమూ లేదు. నా కొడుకు మీద మనసు లేని పిల్లని, ఎప్పటికీ రాని పిల్లని తెచ్చుకుంటే వాడూ ఏడుస్తాడు, ఆ పిల్లా ఏడుస్తుంది. అందుకే చేసుకోనన్నాను. ఈ ముక్క ఆ రోజే మీకు చెప్పాల్సింది. జబ్బు కాదని చెప్పి, అదే చాలనుకున్నాను."

ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. "మొన్న ప్రార్థనకి మైకు వేరే అతను పెట్టాడు. పెద్దాయన ఏమీ అనలేదు, అతన్ని పిలిచారంతే. మాట మధ్యలో రెండుసార్లు కీచుమంది. నేను వెనక కూర్చున్నాను. లేచి వెళ్ళి సరిచేద్దామనుకున్నాను గానీ కాళ్ళు లేవలేదు."

అయ్యో అంటే ఆయన ఏడుస్తాడని డాక్టరమ్మకి తెలుసు.

మైకాయన కిటికీ వైపు తిరిగాడు. ట్యాంకు మీద కాకి ఒకటి వాలి ఎగిరిపోయేదాకా చూశాడు.

"మారుతుందా అమ్మా?"

"మారదండీ."

"మీ చదువులో దేనివల్లా మారదా?"

"మారుస్తామని చాలామంది బయలుదేరారు. మనుషుల్ని పాడుచేశారు గానీ మార్చలేదు."

"ప్రార్థన చేస్తే?"

"అది నేను చెప్పకూడదు. మీరు చేస్తూనే ఉన్నారు కదా, మీరే చెప్పాలి."

"చేస్తున్నాను," అన్నాడు. "పొద్దున నా వంక చూసి నవ్వింది. పెళ్ళి తప్పిపోతే ఏ పిల్లయినా నవ్వుతుందా అని తిట్టాను. అది నవ్వి చాలా రోజులైందని తర్వాత గుర్తొచ్చింది" అన్నాడు.

లేచాడు. మళ్ళీ రమ్మని ఆవిడ చెప్పలేదు, వస్తానని ఆయన అనలేదు. తలుపు గడియ మీద చెయ్యేసి, వెనక్కి తిరగకుండానే ఆగాడు.

"ఆ ఇంకో అమ్మాయి..." గడియని అటూ ఇటూ జరిపాడు. "ఏం ఉద్యోగం చేస్తుంది?"

డాక్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఏదో చెప్పబోయింది.

"వద్దులెండి," అన్నాడు మైకాయన. "మీరు చెప్పకండి. దాన్నే అడుగుతాను. ఇన్ని తిట్లు తిన్నాక చెబుతుందో లేదో."

బయట గుమ్మం పక్కన చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.